రాతిలోంచి తీసిన దారం

సున్నపురాయి, బొగ్గు ఉంటే గుడ్డ నేయొచ్చని తెలుసా? వినైలాన్ అనే కృత్రిమ దారానికి అసలు ముడిసరుకు అవే.

1938లో అమెరికాలో నైలాన్ బయటపడగానే జపాన్ పట్టు వ్యాపారానికి గుండెల్లో రాయి పడింది. మేజోళ్ల కోసం ఆ పట్టును ఎగబడి కొంటున్నది అమెరికా వాళ్లే మరి! మరుసటి ఏడాదే క్యోటో విశ్వవిద్యాలయంలో సకురాదా ఇచిరో, కొరియా నుంచి వచ్చిన రి సుంగ్‌గి తదితరులు వినైలాన్‌ను తయారుచేసి చూపించారు.

సున్నాన్నీ బొగ్గునీ విద్యుత్ కొలిమిలో కరిగిస్తే కార్బైడ్ వస్తుంది. మన దగ్గర మామిడికాయల్ని దొంగచాటుగా మగ్గబెట్టేది దీంతోనే. దానిమీద నీళ్లు పడితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. దాన్నుంచి అంచెలంచెలుగా పాలీవినైల్ ఆల్కహాల్ చేస్తారు. ఈ పదార్థాన్ని జర్మన్లు 1924లోనే కనిపెట్టారు. దారమూ తీశారు కానీ అది నీళ్లలో కరిగిపోయేది. ఆపరేషన్లలో కుట్లు వేయడానికి పనికొచ్చిందే తప్ప, ఉతికి కట్టుకునే బట్టకు పనికిరాలేదు. ఆ దారాన్ని బాగా వేడిచేసి, ఫార్మాల్డిహైడ్‌తో శుద్ధిచేసి, నీళ్లకు చెక్కుచెదరకుండా నిలబెట్టడమే క్యోటో బృందం సాధించిన ఘనత. నా దృష్టిలో నైలాన్‌కు దక్కినంత పేరు దీనికీ దక్కాల్సింది.

రి సుంగ్‌గి జీవితం మరీ కదిలిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జపాన్ సైనిక పోలీసులు ఆయన్ని నిర్బంధించారు. 1945లో కొరియాకు స్వేచ్ఛ వచ్చాకే బయటపడ్డారు. కొన్నాళ్లు సియోల్‌లో పనిచేసి, 1950లో కొరియా యుద్ధం నడుస్తుండగా ఉత్తరానికి వెళ్లిపోయారు.

సరిగ్గా ఆ ఏడాదే జపాన్‌లో కురాషికి రేయాన్ కంపెనీ వినైలాన్‌ను మార్కెట్‌కు తెచ్చింది. బడి పిల్లల యూనిఫాంలు, చేపల వలలు, మోకులు దీంతో వచ్చాయి.

ఉత్తర కొరియాలో పత్తి పండే నేల తక్కువ. సున్నపురాయి, బొగ్గు, జలవిద్యుత్తు మాత్రం పుష్కలం. అందుకే 1961లో హామ్‌హంగ్‌లో పెద్ద కర్మాగారం వెలిసింది. జనం ఒంటిమీద ఈ గుడ్డే ఉండేది.

పత్తిలాగే చెమట పీల్చుకుంటుంది, బాగా మన్నుతుంది. కానీ బిరుసు. రంగు ఓ పట్టాన పట్టదు. పాలియెస్టర్ రాగానే చాలాచోట్ల వెనకబడింది.

ఇప్పుడు సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్‌కు బదులు ఈ జాతి దారపు పోగులు కలుపుతున్నారు. నీళ్లలో కరిగే రకానికీ గిరాకీ ఉంది. తువ్వాళ్ల మిల్లుల్లో దాన్ని నూలుతో కలిపి నేసి, తర్వాత నీళ్లలో కరిగించేస్తారు. అది పోయిన చోట ఖాళీలు మిగిలి, తువ్వాలు గుల్లబారి మెత్తగా వస్తుంది.