టీకాకు రెండు శాస్త్రాలు కావాలి



పోయిన నెల మన హాస్టల్‌కు నర్సక్క వచ్చి పదో తరగతి వాళ్ళకు టీడీ సూది వేసింది గదా. ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా 10 ఏళ్ళప్పుడు ఒకటి, 16 ఏళ్ళప్పుడు ఒకటి వేస్తారు. ఆ రోజు నలుగురు బాత్‌రూముల్లో దాక్కున్నారు. అందులో నేనూ ఒకదాన్ని, దాచేదేముంది! "అది వేసుకుంటే పిల్లలు పుట్టరంట" అని ఎవరో అన్నారు, మేం నమ్మినాం. నర్సక్క తిట్టలేదు. గట్టు మీద కూర్చుని, ఎవరు చెప్పినారు, ఏమని చెప్పినారు అని అడిగి అంతా విన్నది. తర్వాత మేమే చెయ్యి చాపినాం.

ఈ సంగతి సైన్సు సారుకు చెబితే, "సీసాలో మందు తయారుచేసేది ఒక శాస్త్రం. ఆమె చేసింది ఇంకో శాస్త్రం" అన్నారు. అప్పుడే ఖమ్మం సంగతి చెప్పారు. అది మనలాంటి హాస్టల్ పిల్లల కథ గనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్ ఒకటుంది. దానికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఈ వైరస్‌లో చాలా రకాలున్నాయి. 16, 18 అనే రెండు రకాల వల్లే నూటికి 70 దాకా కేసులు వస్తాయి. టీకాలో అసలు వైరస్ ఉండదు, దాని పైపెంకు లాంటి ప్రోటీన్ మాత్రమే ఉంటుంది. లోపల విత్తనం లేని కాయ అనుకోండి. అది మొలవదు, కానీ మన ఒళ్ళు దాన్ని చూసి శత్రువును గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. చిన్న వయసులోనే వేస్తే బాగా పనిచేస్తుంది.

ఇక్కడిదాకా మొదటి శాస్త్రం. ఇందులో తప్పు పట్టేది లేదు.

2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుండి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఈ టీకా మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా ఇలాంటిదే జరిగింది. ఖమ్మంలో చాలామంది కోయ పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో చదివేవాళ్ళు.

తర్వాత రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఊళ్ళలో భయం పుట్టింది. మహిళా సంఘాల వాళ్ళు 2010 మార్చిలో అక్కడికి వెళ్ళి అడిగితే, చాలామందికి అది దేనికి వేశారో కూడా తెలియలేదు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ పని ఆపేసింది. విచారణలో పాముకాటు, నీళ్ళలో మునగడం, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి. టీకా వల్లే పోయారనడానికి ఆధారం దొరకలేదు.

అయితే తప్పు వేరేచోట దొరికింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఈ లెక్క ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అంటే అమ్మానాన్నలు చూడని కాగితాలు రెండు వేలు దాటినాయి. (వార్డెన్ మేడమ్ కోప్పడవద్దు, మిమ్మల్ని అనడం లేదు.) వేలిముద్ర వెయ్యడం తప్పు కాదు, మా అమ్మ కూడా వేలిముద్రే. కాగితంలో ఏముందో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పినారా లేదా అన్నదే ప్రశ్న.

విచిత్రమేమంటే, టీకాలు వేయకముందు ఆ సంస్థ జనాన్ని కలిసి అభిప్రాయాలు సేకరించింది కూడా. జనం ఎట్లా ఒప్పుకుంటారు అని అడగడం ఒకటి, జనం ఏమంటున్నారో విని మన పద్ధతి మార్చుకోవడం ఇంకొకటి. నాకు తోచింది ఇది.

ఆఫ్రికాలో ఈ రెండోది కొన్నిచోట్ల జరిగింది. గాంబియాలో న్యుమోకోకల్ టీకా పరీక్షలప్పుడు, "తెల్లవాళ్ళు మన రక్తం తీసుకుపోయి అమ్ముకుంటారు" అని తల్లులు చెప్పుకునేవారు. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకుండా, ఇంటింటికీ పోయి విన్న పరిశోధకులకు వాళ్ళ లెక్క అర్థమైంది: బిడ్డ రక్తం ఎంత పోతుంది, బదులుగా ఉచిత వైద్యం ఎంత దొరుకుతుంది అని తూకం వేసుకుంటున్నారు. 2014లో గినీలోని వోమే ఊళ్ళో ఎబోలా గురించి చెప్పడానికి పోయిన ఎనిమిది మందిని చంపేశారు. అంత భయం! 2015లో పక్క దేశం సియెర్రా లియోన్‌లో, కాంబియా జిల్లాలో ఎబోలా టీకా పరీక్ష మొదలైనప్పుడు డాక్టర్లతో పాటు సమాజశాస్త్రం వాళ్ళనూ పెట్టుకున్నారు. ఊళ్ళో ఏ పుకారు పుడుతోందో విని డాక్టర్లకు చెప్పడం, జవాబు తీసుకుని మళ్ళీ ఊళ్ళోకి పోవడం వాళ్ళ పని. మన నర్సక్క చేసింది అదే గదా.

మొన్న సెలవుల్లో తండాకు పోయినప్పుడు ఇదంతా మా అమ్మకు మా భాషలో చెప్పినాను. ఆమె ఖమ్మం గురించి ఏమీ అనలేదు. "నీకు వేసిన సూది పేరేంది, ఎందుకు, ఇంకా ఎన్ని వేస్తారు?" అని అడిగింది. చెబితే, "కాగితం మీద రాసియ్యి" అన్నది. రాసిచ్చినాను. దాన్ని మడిచి రేషన్ కార్డు కవర్లో పెట్టుకున్నది.