మాట ఇవ్వండి... చోటు చెబుతుంది!

వెయ్యి పేజీల పుస్తకంలో ఒక్క మాట ఎక్కడుందో వెతకాలంటే పూటంతా పడుతుంది. అలాంటి పుస్తకాలు వందల కొద్దీ ఉంటే? కంప్యూటర్లో ఉన్నవైతే ఆ పనిని రెప్పపాటులో చేసిపెట్టే ఉచిత పనిముట్టు ఒకటుంది. పేరు రిప్‌గ్రెప్. దాని వెనక యాభై ఏళ్ల కథ ఉంది. మన తెలుగుతో కాస్త పేచీ కూడా ఉంది!

హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం అంటే ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యేవారికి రెండో ఇల్లు. పక్కనే అశోక్‌నగర్. వీధివీధినా కోచింగ్ కేంద్రాలు, స్టడీ హాళ్లు. ఒకప్పుడు ఇక్కడ అభ్యర్థి చేతిలో నోటు పుస్తకాల కట్ట ఉండేది. ఇప్పుడు లాప్‌టాప్‌లోనూ సెల్‌ఫోన్‌లోనూ ఫైళ్ల గుట్ట ఉంటోంది. తరగతిలో రాసుకున్న నోట్సు, స్నేహితులు పంపిన మెటీరియల్, ఏళ్ల తరబడి పోగేసిన వర్తమాన వ్యవహారాలు... అన్నీ ఉంటాయి. రేపు పరీక్ష అనగా 'ముల్కీ నిబంధనల గురించి ఎక్కడో చదివానే' అని గుర్తొస్తుంది. ఎక్కడ? మూడొందల ఫైళ్లలో దేంట్లో? ఒక్కో ఫైలూ తెరిచి వెతుకుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

ఈ తిప్పలు విద్యార్థులవి మాత్రమే కాదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలాంటి చోట్ల జరిగే సాహిత్య సభల్లో 'ఆ మాట ఫలానా కవి వాడాడా లేదా' అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. పాత దస్తావేజుల్లో పేరు వెతికే వకీలుదీ, ఫలానా వార్త ఎప్పుడొచ్చిందో చూసుకోవాల్సిన విలేకరిదీ, లక్షల వరసల ప్రోగ్రాములో తప్పు పట్టుకోవాల్సిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరుదీ అదే అవసరం. మాట తెలుసు. చోటు తెలియదు!

ఒక్క రాత్రిలో...

ఈ చిక్కుకి మొదటి జవాబు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దొరికింది. 1970ల తొలినాళ్ల సంగతి. అక్కడ పనిచేసే లీ మెక్‌మహోన్‌కి 'ఫెడరలిస్ట్ పేపర్స్' మీద ఆసక్తి. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787-88లో వెలువడిన 85 వ్యాసాలవి. హామిల్టన్, మాడిసన్, జే అనే ముగ్గురు ఒకే కలం పేరుతో రాశారు. వాటిలో డజను వ్యాసాలు హామిల్టన్‌వా, మాడిసన్‌వా అన్నది పెద్ద తగువు. ఎవరు ఏ మాట ఎన్నిసార్లు వాడారో చూస్తే గుట్టు తెలుస్తుందని మెక్‌మహోన్ ఆలోచన. కానీ అప్పట్లో వాడే 'ఈడీ' అనే ఎడిటర్‌లో అంత పెద్ద ఫైలు పట్టేది కాదు. మెమరీ చాలదు మరి!

యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ ఆ ఎడిటర్‌లోని వెతికే భాగాన్ని విడదీసి, విడి ప్రోగ్రాముగా మార్చి ఇచ్చారు. ఒక్క రాత్రిలో అయిపోయిన పని అని ఆయన సహచరుడు బ్రయాన్ కెర్నిగన్ చెబుతుంటారు. పాత ఎడిటర్‌లో 'ఫైలంతా చూడు, ఈ నమూనా ఉన్న వరసల్ని అచ్చువెయ్యి' అనడానికి జీ, ఆర్ఈ, పీ అనే అక్షరాలు కొట్టేవారు. అవే కలిసి కొత్త ప్రోగ్రాముకి పేరయ్యాయి... గ్రెప్! 1973 నాటి యూనిక్స్ నాలుగో కూర్పు మాన్యువల్లో అది చోటు చేసుకుంది. 2003లో ఏకంగా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకే ఎక్కింది.

అన్నట్టు, ఆ వ్యాసాల తగువుని 1964లోనే మోస్టెల్లర్, వాలెస్ అనే గణాంక శాస్త్రవేత్తలు చాలావరకు తేల్చారు. 'అపాన్' అనే చిన్న మాటని హామిల్టన్ తెగ వాడేవాడు, మాడిసన్ దాదాపు వాడడు. ఇలాంటి చిన్న మాటలన్నిటినీ లెక్కగట్టి, వివాదంలో ఉన్నవి మాడిసన్‌వే అన్నారు. మనకీ అలాంటి తగువుంది. 'క్రీడాభిరామం' వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అని పండితులు దశాబ్దాలపాటు వాదించుకున్నారు. మాటల్ని వెతికే యంత్రం తీర్పు చెప్పదు. సాక్ష్యాలన్నీ తెచ్చి ముందు పెడుతుంది.

కాగితం మీద ఈ పని చేసిన మహానుభావులూ మనకున్నారు. 'నన్నయ పదప్రయోగ కోశం' అలాంటిదే. భారతంలో నన్నయ ఏ పదాన్ని ఎక్కడ వాడాడో ఏర్చి కూర్చిన పుస్తకం అది. అలాంటి కోశం వెనక ఎంత ఓపిక ఉండాలో ఊహించుకోవాల్సిందే. ఇటలీలో రాబర్టో బూసా అనే ఫాదర్ థామస్ అక్వినాస్ రచనలకు ఇలాంటి పట్టికే తయారుచెయ్యాలని 1940ల్లో సంకల్పించారు. ఐబీఎం సంస్థ సాయంతో పంచ్ కార్డులు వాడినా ముప్ఫై ఏళ్లు పట్టింది!

చూడకపోవడమే వేగం

గ్రెప్ తర్వాత దానికి వారసులు చాలామందే వచ్చారు. వాళ్లలో ఇప్పుడు బాగా పేరున్నది రిప్‌గ్రెప్. ఆండ్రూ గ్యాలంట్ అనే ప్రోగ్రామర్ 'రస్ట్' భాషలో రాసి 2016లో విడుదల చేశారు. లైనక్స్ మూలకోడ్ అంటే వేలకొద్దీ ఫైళ్లు. వాటన్నిటిలో ఒక నమూనాని వెతకడానికి తన కంప్యూటర్‌మీద దానికి సెకనులో పదోవంతు కూడా పట్టలేదని ఆయన లెక్కలు ప్రకటించారు.

అంత వేగం ఎలా? ఓ గ్రంథాలయాన్ని ఊహించుకోండి. ఒక మాట వెతికి పెట్టమన్నారు. తెలివైన గ్రంథపాలకుడు ఏం చేస్తాడు? మొదట, అక్కర్లేని గదుల జోలికి వెళ్లడు. రిప్‌గ్రెప్ కూడా అంతే. దాచిన ఫైళ్లూ, బొమ్మలూ పాటల్లాంటి అక్షరాలు కాని ఫైళ్లూ, 'వీటిని పట్టించుకోవద్దు' అని యజమాని ముందే పట్టిక రాసిపెట్టుకున్న ఫైళ్లూ వదిలేస్తుంది. రెండోది, ఒక్కడే తిరక్కుండా అల్మారాకొకరు చొప్పున సిబ్బందిని పంపుతాడు. ఇప్పటి కంప్యూటర్లలో నాలుగో ఎనిమిదో ప్రాసెసర్ కోర్‌లు ఉంటాయి కదా... రిప్‌గ్రెప్ అన్నిటికీ పని పంచుతుంది.

మూడోదే అసలు కిటుకు. అక్షరం అక్షరం చదవదు! 1977లో రాబర్ట్ బోయర్, జె.మూర్ కనిపెట్టిన పద్ధతి చూడండి. మీరు 'నారాయణగూడ' కోసం వెతుకుతున్నారు. కంప్యూటర్ లెక్కలో అందులో తొమ్మిది గుర్తులున్నాయి. చివరిది 'డ'. అందుకని మొదటి అక్షరం చూడకుండా నేరుగా తొమ్మిదో చోటికి వెళ్లి చూస్తుంది. అక్కడ 'క' ఉందనుకోండి. 'నారాయణగూడ'లో 'క' లేనే లేదు. అంటే ఈ తొమ్మిది చోట్లలో ఆ పేరు ఉండే వీల్లేదు. ఒక్క గెంతులో తొమ్మిది గుర్తులు దాటెయ్యొచ్చు. వెతికే మాట ఎంత పొడవైతే గెంతు అంత పెద్దది. 1980ల్లో 'గ్నూ గ్రెప్' రాసిన మైక్ హార్టెల్ తన ప్రోగ్రాము వేగానికి చెప్పిన కారణమూ అదే... వీలైనంత తక్కువ చూడటం.

రిప్‌గ్రెప్ ఇంకో అడుగు ముందుకేసింది. వెతికే మాటలో మామూలుగా అరుదుగా కనిపించే గుర్తు ఏదో చూసి ముందు దాన్నే గాలిస్తుంది. అదీ ఒక్కోటి కాదు, ప్రాసెసర్ సాయంతో పదహారో ముప్ఫైరెండో ఒకేసారి పోల్చి చూస్తుంది. పెళ్లి పందిట్లో మనిషిని వెతకాలంటే 'తెల్ల చొక్కా' అని వెతకం కదా, 'ఎర్ర తలపాగా' అని వెతుకుతాం. ఇదీ అంతే.

తెలుగులో వెతకాలంటే...

గూగుల్ ముందే అన్నీ చదివి పట్టిక రాసి పెట్టుకుంటుంది. రిప్‌గ్రెప్ అలా కాదు. అడిగినప్పుడల్లా ఫైళ్లని కొత్తగా చూస్తుంది. కాబట్టి ఇందాక రాసుకున్న నోట్సు కూడా దొరుకుతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫైళ్లు కంప్యూటర్ దాటి బయటికి పోవు. తెలుగు కూడా వెతుకుతుంది. ఎందుకంటే అది ప్రపంచ భాషలన్నిటికీ నంబర్లిచ్చిన యూనికోడ్‌ని అర్థం చేసుకుంటుంది. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకీ చోటుంది.

కానీ మన భాష తీరే వేరు. కంటికి ఒకటే అక్షరంగా కనిపించే 'క్ష' కంప్యూటర్‌కి మూడు గుర్తులు... క, పొల్లు, ష. ఒక్కోటి మూడు బైట్లు. మొత్తం తొమ్మిది! ఇది కంప్యూటర్ చూసుకుంటుంది లెండి. మనం చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

విభక్తులు: 'పుస్తకం' అని వెతికితే 'పుస్తకాలు', 'పుస్తకానికి' దొరకవు. చివరి సున్నా తీసేసి 'పుస్తక' అని వెతికితే అన్నీ వస్తాయి. 'ఊరు' అలా లొంగదు. ఊరు, ఊరికి, ఊళ్లో... రెండు వేషాలు. 'ఊ(ర|ళ్)' అని రాస్తే 'ఊర' గానీ 'ఊళ్' గానీ పట్టుకోమని అర్థం. అయితే ఊళ్లతోపాటు ఊరగాయలూ వచ్చి పడతాయి!

రాతలో తేడాలు: కొందరు 'వాళ్ళు' అంటారు, కొందరు 'వాళ్లు' అంటారు. ఒకటి వెతికితే రెండోది దొరకదు. 'వాళ్[ళల]ు' అంటే సరి. చదరపు కుండలీకరణాల్లో ఉన్నవాటిలో ఏదున్నా ఒప్పుకుంటుంది.

కనిపించని గుర్తు: 'సాఫ్ట్‌వేర్' అని విడిగా కనిపించాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. పెట్టినవారూ ఉంటారు, పెట్టనివారూ ఉంటారు. 'సాఫ్ట్.?వేర్' అంటే మధ్యలో ఒక గుర్తు ఉన్నా లేకున్నా ఫర్వాలేదని చెప్పినట్టు.

మాటలో మాట: 'కల' అని వెతికితే కలప, కలహం, సకలం, చివరికి మేకలు కూడా వస్తాయి. పూర్తి పదమే కావాలని చెప్పే మీట వాడితే మేకలు వెళ్లిపోయి కల ఒక్కటే మిగులుతుంది.

ఉన్నా దొరకనివి

ఇంతవరకు బాగానే ఉంది. అసలు బాధ వేరే ఉంది. యూనికోడ్ వాడకం పెరగకముందు తెలుగు పుస్తకాలూ పత్రికలూ డీటీపీ కేంద్రాల్లో తయారయ్యేవి. అక్కడ వాడినవి అనూ, శ్రీలిపి లాంటి ఫాంట్లు. తెరమీద అందమైన తెలుగే కనిపిస్తుంది. లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాలూ చిత్రమైన గుర్తులూ ఉంటాయి. ఆ ఫైళ్లలో 'అమ్మ' అని వెతికితే ప్రపంచంలోకెల్లా వేగమైన పనిముట్టు కూడా 'లేదు' అనే చెబుతుంది. కథలో పేజీకి పదిసార్లు అమ్మ ఉన్నా సరే! వాటిని మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి తెచ్చుకుంటే తప్ప ప్రాణం రాదు.

స్కాన్ చేసిన పుస్తకాలదీ ఇదే కథ. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి పదిలక్షల పుస్తకాల డిజిటలీకరణకి నడుం కట్టారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో పాలుపంచుకుంది. అలా ఎన్నో పాత తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. అయితే స్కాన్ చేసిన పేజీ అంటే ఫొటో. అందులో అక్షరాలు మన కంటికే ఉంటాయి, కంప్యూటర్‌కి ఉండవు. బొమ్మలోంచి అక్షరాల్ని గుర్తుపట్టే ఓసీఆర్ ప్రోగ్రాములు తెలుగుకీ వచ్చాయి. ఒత్తులూ గుణింతాల దగ్గర తడబడతాయి కాబట్టి మనిషి దిద్దాల్సిందే. తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు చేస్తున్న పని అదే. వాళ్లు దిద్దిన ప్రతి పేజీ, వెతికితే దొరికే మరో పేజీ అవుతుంది.

తాళపత్రాన్ని చెదలు తింటే పోయినట్టే. అరలో భద్రంగా ఉన్న పుస్తకమూ ఎవరికీ దొరకకపోతే పోయినట్టే లెక్క. ఇంట్లో పాత కంప్యూటర్‌లో తాతగారి కథలో, నాన్నగారి వ్యాసాలో పాత ఫాంట్లలో ఉంటే ఇప్పుడే మార్చిపెట్టుకోవడం మంచిది. ఆ ఫాంట్లు నడిచే కంప్యూటర్లు ఎల్లకాలం ఉండవు.

మీరూ ప్రయత్నించొచ్చు

రిప్‌గ్రెప్ విండోస్, మాక్, లైనక్స్... మూడింట్లోనూ పనిచేస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. ఫైళ్లున్న ఫోల్డర్‌లోకి వెళ్లి, కమాండ్ తెరమీద 'ఆర్‌జీ' అనే రెండు ఇంగ్లిషు అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, కావలసిన మాట రాస్తే చాలు. ఏ ఫైల్లో, ఎన్నో వరసలో ఉందో ఆ వరసతో సహా చూపిస్తుంది. ఆ తెరమీద తెలుగు అక్షరాలు కొన్ని కంప్యూటర్లలో విడివిడిగా కనిపించొచ్చు. కంగారుపడక్కర్లేదు, వెతుకులాట సరిగానే సాగుతుంది. నల్ల తెర అంటే భయపడేవారికి మరో దారుంది. మైక్రోసాఫ్ట్ వారి ఉచిత ఎడిటర్ విజువల్ స్టూడియో కోడ్‌లో ఫోల్డర్ తెరిచి, వెతికే గడిలో మాట రాస్తే లోపల పనిచేసేది రిప్‌గ్రెప్పే. 2017 నుంచీ అందులో అదే ఉంది.

పీడీఎఫ్‌లని మాత్రం రిప్‌గ్రెప్ నేరుగా చదవలేదు. వాటిని ముందు మామూలు టెక్స్ట్‌గా మార్చుకోవాలి. లేదంటే దాని ఆధారంగా వేరొకరు తయారుచేసిన 'రిప్‌గ్రెప్ ఆల్' వాడొచ్చు. స్కాన్ పీడీఎఫ్ అయితే ఓసీఆర్ తప్పదు.

ఇక ముల్కీ నిబంధనలు ఏ ఫైల్లో ఉన్నాయో క్షణంలో తెలిసిపోతుంది. వాటిని చదివి గుర్తుపెట్టుకునే పని మాత్రం అభ్యర్థిదే. దానికింకా ఏ కమాండూ రాలేదు మరి!