పాత యింటికి రెండవ గుంట

వంటయింటిని గూర్చి యెన్నియో వ్రాయుదుము గాని, పెరటిలోని మరుగుదొడ్డిని గూర్చి వ్రాయుటకు కలము సంకోచించును. ఐనను ఆ గుంట నిండిననాడు ముందుగా ఇబ్బంది పడునది గృహిణియే గనుక సిగ్గు విడిచి వ్రాయుచున్నాము.

కర్నూలులో మేము కాపురమున్న పాత యింటికి ఒకటే గుంట. పైన కడప బండలు పరచి మూసినారు. ఒక వేసవిలో అది నిండి పొంగినది. "ఒక మనిషిని దింపి తోడించుడు" అని ఇరుగుపొరుగువారు సులభముగా సలహా యిచ్చిరి. మూసియున్న గుంటలోని విషవాయువు నిమిషములలో ప్రాణము తీయును. వానిని రక్షింపదిగిన రెండవవాడును తిరిగి రాడు. రక్షణసాధనములు లేక మనుష్యుని ఇట్టి పనికి దింపుటను 2013 సంవత్సరపు చట్టము నిషేధించినది. కోలారు బంగారుగనుల తెలుగు కుటుంబమున జనించిన బెజవాడ విల్సన్ గారు ఈ దురాచారముపై పోరాడి 2016లో మెగసెసే బహుమానము నందిరి. మురుగు శుభ్రము చేయుచు మరణించినవారి కుటుంబమునకు 30 లక్షల రూపాయలు చెల్లింపవలెనని 2023లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ముప్పది లక్షలు వచ్చినంతమాత్రమున ఆ యిల్లాలి పసుపుకుంకుమలు తిరిగి వచ్చునా?

కావున రెండవ గుంట త్రవ్వించితిమి. దొడ్డినుండి వచ్చు గొట్టమునకు చిన్న తొట్టి కట్టి, అచ్చట రెండు పాయలు చేసి, ఒక పాయను మూసియుంచవలెను. మొదటి గుంట నిండగనే రెండవదానికి మళ్లింపవలెను. నిండినది రెండేండ్లు కదలింపక యున్నచో నీరు నేలకింకి, మలము వాసనలేని మట్టివంటి యెరువగును. ఇందులకై గోడ ఇటుకల నడుమ సందులు విడువవలెను. అడుగున గచ్చు పనికిరాదు. మా మేస్త్రి రెండు పాయలును తెరచిపెట్టి పోయెను! మూడు నెలలకు గాని మేము కనుగొనలేదు. పని ముగిసిననాడే మూతయెత్తి చూచుకొనుడు. అడుగుమూసి కట్టిన సెప్టిక్ ట్యాంకుల సంగతి వేరు. వానిని యంత్రముచేతనే తోడింపవలెను.

పాత నావకు అదనపు మలతొట్టి నమర్చువారు బరువు ఏ ప్రక్క కొరుగునో చూతురు. మనము బావి యే ప్రక్కనున్నదో చూడవలెను. గుంటకును బావికిని 10 మీటర్ల యెడమైన నుండవలెనందురు గాని, మన సీమలో అదియు చాలకపోవచ్చును. కర్నూలు, కడప ప్రాంతములలో సున్నపురాతి నేల విశేషము. ఆ రాతిని నీరు ఎంతగా తొలుచునో కొలిమిగుండ్ల కడ బెలుము గుహలను చూచినవారికి తెలియును. అవి 3,229 మీటర్ల పొడవున సాగినవి. శుభ్రమైన నీరు నడచిన నెఱ్ఱెలలోనే మురికినీరును నడచును. మా పెరటిలో బావి ప్రక్కనే స్థలము సులభముగా దొరకినను, గుంటను వీథి ప్రక్కకు మార్చితిమి. గొట్టము ఖర్చు పెరిగినది.

పనిలో పనిగా దొడ్డి పళ్లెమును గూడ మార్చితిమి. ఏటవాలు ఎక్కువగానుండి, వంపులో 20 మిల్లీమీటర్ల నీరు నిలుచు పళ్లెమునకు లీటరున్నర మొదలు రెండు లీటర్లు చాలును. ఎండకాలమున బిందెలకొలది నీరు మోయు చేతులకు ఇది చిన్న లాభము కాదు. దొడ్డికి నీరు చాలదని పగలెల్ల దప్పిక నాపుకొను కోడండ్రను మేమెరుగుదుము.

మొదటి గుంటను మూసిన తేదిని బండపై బొగ్గుతో వ్రాసితిమి. వానకు చెరగినప్పుడెల్ల మరల దిద్దుచున్నాము.