సున్నా మిల్లీసెకన్లు ఎందుకు ఆలస్యమయ్యాయి?

జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్న ఒక పాఠకురాలు నాలుగు పంక్తుల ప్రోగ్రామ్ పంపారు. మొదటి పంక్తి 'ఒకటి' అని చూపిస్తుంది. రెండోది సెట్‌టైమౌట్‌కి సున్నా మిల్లీసెకన్ల గడువిచ్చి 'రెండు' చూపించమంటుంది. మూడోది, అప్పటికే ఫలితం వచ్చేసిన ప్రామిస్ ద్వారా 'మూడు'. నాలుగోది నేరుగా 'నాలుగు'. తెరమీద మాత్రం ఒకటి, నాలుగు, మూడు, రెండు అని వచ్చింది. గడువు సున్నా అయినప్పుడు 'రెండు' చివరికెందుకు పోయింది? ఈ భాష గురించి ఇంతకంటే మంచి ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

వేరియబుళ్లు, ఫంక్షన్లు, లూపులు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపం తయారుచేసిన సంగతీ చాలామందికి తెలుసు. అసలు సొగసంతా ఈవెంట్ లూప్‌లో, అంటే వరుసలో ఉన్న పనులను ఒక్కొక్కటిగా నడిపే ఏర్పాటులో ఉంది.

పేజీలో నడిచే జావాస్క్రిప్ట్ ఒకసారికి ఒక్క పనే చేస్తుంది. చేతిలో ఉన్నది పూర్తయ్యేదాకా ఇంకోదాన్ని ముట్టుకోదు. అందుకే ఒకటి, నాలుగు ముందొచ్చాయి. సెట్‌టైమౌట్ అంటే 'ఇంతసేపటికి నడుపు' అని చాలామంది చెబుతారు. అది తప్పు. 'ఇంతసేపు గడిచాక వరుసలో నిలబెట్టు' అనే దానర్థం. పైగా ఆ గడియారం బ్రౌజర్‌ది. జావాస్క్రిప్ట్‌కి మూలమైన ఎక్మాస్క్రిప్ట్ ప్రమాణం సెట్‌టైమౌట్‌ను నిర్వచించనే లేదు. టైమర్‌లో టైమర్ పెడుతూ ఐదు పొరలు దాటితే, మనం సున్నా అని రాసినా గడువు కనీసం 4 మిల్లీసెకన్లు ఉండాలని హెచ్‌టీఎంఎల్ ప్రమాణం అంటుంది!

ప్రామిస్‌లది వేరే వరుస. దాని పేరు మైక్రోటాస్క్ క్యూ. చేతిలో పని అయిపోగానే బ్రౌజర్ ముందు ఈ వరుసనే ఖాళీ చేస్తుంది, ఖాళీ చేస్తుండగా కొత్తగా వచ్చి చేరినవాటితో సహా. ఆ తర్వాతే టైమర్ల వంతు. 'మూడు' ముందుకొచ్చి 'రెండు' వెనకబడిన రహస్యం ఇదే. 2015 ప్రాంతంలో బ్రౌజర్లే ఈ క్రమాన్ని తలో రకంగా పాటించేవి. ఇక నేర్చుకునేవాళ్లు తికమకపడటంలో వింతేముంది?

ఇంత చక్కటి ఏర్పాటు ఉన్నా, బటన్ నొక్కితే ఉలకని పలకని వెబ్‌సైట్లు ఇంకా వస్తూనే ఉన్నాయంటే నాకు బాధగా ఉంటుంది. ఏదో పెద్ద లెక్క నడుస్తున్నంతసేపూ ఆ నొక్కు వరుసలోనే ఆగిపోతుంది. అలాంటి లెక్కను ముక్కలు చేసి, ముక్కకీ ముక్కకీ మధ్య టైమర్ పెట్టాలి. లేదా మొత్తంగా, పేజీకి పక్కన వేరుగా నడిచే వెబ్ వర్కర్‌కి అప్పగించాలి. టైమర్‌కి బదులు ప్రామిస్ పెడితే లాభం లేదు. మైక్రోటాస్కులన్నీ అయ్యేదాకా బ్రౌజర్‌కి తెర గీసే అవకాశమే రాదు.