కార్లైల్ కుర్రాళ్ల 1912

1912 నవంబరు 9, శనివారం. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున వెస్ట్ పాయింట్. మైదానంలో ఒకవైపు అమెరికా సైన్యానికి కాబోయే అధికారులు. వాళ్లలో ఐసెన్‌హోవర్ అనే క్యాడెట్ ఒకడు. నలభై ఏళ్ల తర్వాత దేశాధ్యక్షుడిగా ఎన్నికవుతాడు. ఎదురుగా నిలబడ్డది, అదే సైన్యం ఒక తరం ముందు వరకూ తరిమి తరిమి కాల్చిన జాతుల పిల్లలు. వూండెడ్ నీ దగ్గర లకోటా ప్రజలను ఊచకోత కోసి అప్పటికి ఇరవై రెండేళ్లే అయింది. ఆ సాయంత్రం లెక్క తేలింది: కార్లైల్ 27, ఆర్మీ 6.

కార్లైల్ కాలేజీ జట్లతో ఆడేదే కానీ, నిజానికి కాలేజీ కాదు. పెన్సిల్వేనియాలో పాతబడ్డ సైనిక బారక్సులో 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైన్యాధికారి పెట్టిన బోర్డింగ్ స్కూలు. అమెరికా మూలవాసుల పిల్లలను వందల మైళ్ల దూరం నుంచి తెచ్చి జుట్టు కత్తిరించేవారు, పేర్లు మార్చేవారు. అమ్మభాషలో మాట్లాడితే శిక్ష. ఒకపూట చదువు, ఒకపూట కమ్మరం, వడ్రంగం, కుట్టుపని. సెలవుల్లో తెల్లవాళ్ల ఇళ్లకూ పొలాలకూ పనికి పంపేవారు. ఇంటికి తిరిగి వెళ్లకుండానే అక్కడి శ్మశానంలో మిగిలిపోయిన పిల్లలు వందకు పైనే. పిల్లల్లో ఉన్న మూలవాసిని చెరిపేయాలన్నదే స్కూలు ఉద్దేశం. దాన్ని ఎవరూ దాచలేదు కూడా.

కార్లైల్ ఆడిన ఫుట్‌బాల్ మన ఊళ్లలో ఆడేది కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు ఆదివారాలు టీవీలో చూసే, కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన ఇరికించుకుని పరిగెత్తే ఆట. అప్పట్లో ఇది దాదాపు కుమ్ములాట. 1905లో ఆటగాళ్లు మైదానాల్లో ప్రాణాలు పోగొట్టుకోవడంతో అధ్యక్షుడు రూజ్‌వెల్టే పెద్ద కాలేజీల వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిపించి కూర్చోబెట్టాడు. మరుసటేడు బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది. 1912లో నిబంధనలు మళ్లీ మారాయి: టచ్‌డౌన్‌కు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటిస్తే) 5 బదులు 6 పాయింట్లు, పది గజాలు సాధించడానికి మూడు బదులు నాలుగు ప్రయత్నాలు, విసురు దూరానికి ఉన్న 20 గజాల హద్దు రద్దు. బరువుతో తొక్కేసే జట్ల కాలం పోయి, కాళ్లలో వేగం ఉన్నవాళ్ల కాలం వచ్చింది. కార్లైల్ కుర్రాళ్లు ప్రత్యర్థుల కంటే తేలిక. కోచ్ గ్లెన్ ‘పాప్’ వార్నర్‌కు ఎత్తులు పన్నడం వెన్నతో పెట్టిన విద్య. ఆయన ఎంత ఘటికుడో, మనిషిగా ఎంత అనుమానించదగ్గవాడో తర్వాత చూద్దాం.

ఆ ఏడు సెప్టెంబరు 21 నుంచి నవంబరు 28 దాకా 14 ఆటలు. చిన్న జట్లను సొంత ఊళ్లో చితక్కొట్టి రైలెక్కారు. పెద్ద ఆటలన్నీ పరాయి మైదానాల్లోనే. టికెట్ల డబ్బు ఉన్నది అక్కడే మరి. వాషింగ్టన్ అండ్ జెఫర్సన్‌తో 0-0; జట్టులో పేరున్న ఆటగాడు జిమ్ థోర్ప్ తన్నిన గోల్స్ ఆ రోజు గురి తప్పాయి. ముందటేడు తమను ఒక్క పాయింటుతో ఓడించిన సిరక్యూస్‌ను 33-0తో చెల్లుకు చెల్లు చేశారు. శనివారం రాజధాని వాషింగ్టన్‌లో జార్జ్‌టౌన్‌ను 34-20తో గెలిచి, సోమవారానికి కెనడా చేరి టొరంటోను 49-1తో ఓడించారు. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం. అదీ రైల్లోనే.

వెస్ట్ పాయింట్ ఆటను ఈనాటికీ థోర్ప్ గొప్పగానే చెబుతారు. సాక్ అండ్ ఫాక్స్ తెగవాడైన థోర్ప్ ఆ జులైలోనే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ స్వర్ణాలు కొట్టి వచ్చాడు మరి. అతను దూసుకుపోతుంటే ఆపడానికి ఆర్మీ వాళ్లు ఒకరినొకరు గుద్దుకున్నారన్నది నిజమే. కానీ నాలుగు టచ్‌డౌన్లలో మూడు అలెక్స్ అర్కాసావి. ఎత్తుగడలు పిలిచి జట్టును నడిపించింది గస్ వెల్చ్. జో గయన్ ధాటికి ఓర్వలేక ఆర్మీ కెప్టెన్ డెవోర్ అతని మీద చేయిచేసుకుని మైదానం నుంచి గెంటించుకున్నాడు. ఒక్కడి వీరగాథ చెప్పుకోవడం తేలిక కాబట్టి మిగతా పదిమందినీ మరిచిపోతారు.

వారం తిరిగేసరికి ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా చేతిలో 34-26తో ఓటమి. సీజన్ మొత్తంలో అదొక్కటే. చివరి లెక్క 12 గెలుపులు, ఒక సమం, ఒక ఓటమి, 504 పాయింట్లు.

రెండు నెలలకే, 1913 జనవరిలో, థోర్ప్ 1909-10ల్లో నార్త్ కరోలినాలో కొద్ది డబ్బుకు బేస్‌బాల్ ఆడిన సంగతి పత్రికలకెక్కింది. డబ్బుకు ఆడినవాళ్లు అప్పట్లో ఒలింపిక్స్‌కు అనర్హులు కాబట్టి అతని పతకాలు లాక్కున్నారు. కుర్రాడు రెండు వేసవులు ఎక్కడ గడిపాడో కోచ్‌కు తెలియదంటే నేనైతే నమ్మను. థోర్ప్ ఏకైక విజేత అని ఒలింపిక్ కమిటీ మళ్లీ ఒప్పుకున్నది 2022లో. అతను పోయి అప్పటికి 69 ఏళ్లు.

మరి ఆ టికెట్ల డబ్బు? అదంతా క్రీడానిధికి చేరేది. నిధి వార్నర్ గుప్పిట్లో ఉండేది. ఆయన ఇల్లు కూడా ఆ నిధితోనే లేచింది. పాలన తీరు మీద విద్యార్థుల చేత సంతకాలు పెట్టించి ప్రభుత్వానికి అర్జీ పంపినవాడు వేరెవరో కాదు, వెల్చే. 1914లో అమెరికన్ కాంగ్రెస్ సంఘం విచారణకు దిగింది. కోచ్ నోరు మంచిది కాదనీ, ఆటగాళ్ల మీద చేయిచేసుకుంటాడనీ సాక్ష్యాలు వచ్చాయి. స్కూలు సూపరింటెండెంట్ పదవి పోయింది. వార్నర్ మాత్రం 1915లో పిట్స్‌బర్గ్‌కు వెళ్లి మరింత పేరు తెచ్చుకున్నాడు. అమెరికాలో పిల్లల ఫుట్‌బాల్ నడిపే పెద్ద సంస్థకు నేటికీ ఆయన పేరే. కార్లైల్ స్కూలు 1918లో మూతపడింది. మూలవాసులందరికీ అమెరికా పౌరసత్వం చట్టం అయ్యేసరికి 1924 వచ్చింది. అప్పటికే వెల్చ్ లా చదివేసి, వాషింగ్టన్ స్టేట్ కాలేజీ జట్టుకు కోచ్‌గా కూడా పనిచేశాడు.