కత్తెరకు ముందున్న కట్టడం

లూసియెన్ ఎర్వే మార్సేయ్‌లోనూ చండీగఢ్‌లోనూ ఫిల్ముపై తీసిన భవనాలను అచ్చయిన ఫొటోల కంటే వాటి కాంటాక్టు షీట్లే నిండుగా చూపిస్తాయి

ఆధునిక వాస్తుశిల్ప గ్రంథాలలో వాస్తుశిల్పి లె కార్బూజియే భవనాల ఫొటోలు చూసినవారికి వాటిని తీసిన వ్యక్తి పేరు తెలియకపోయినా, కాంక్రీటు గోడను వాలుగా కోసే నల్లని నీడ, చట్రం అంచు దగ్గర తెగిపోయిన మెట్లు, ఆకాశం అంతగా కనిపించని నిలువు పట్టీలు గుర్తుండే ఉంటాయి. వాటిలో పేరుపొందినవి చాలావరకు లూసియెన్ ఎర్వే తీసినవి. ఆయన 1910లో హంగేరీలో లాస్లో ఎల్కాన్‌గా పుట్టి పారిస్‌లో స్థిరపడ్డాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు చిక్కి, చెర నుంచి తప్పించుకుని, ఫ్రెంచి ప్రతిఘటనోద్యమంలో పనిచేసిన రోజుల్లో పెట్టుకున్న మారుపేరే చివరి వరకు ఆయన పేరుగా నిలిచిపోయింది. నగరాలను, భవనాలను ఫిల్ము కెమెరాతో తీయడం గురించి రాయదలచినవారికి ఎన్నో ప్రసిద్ధ చిత్రాలు ఎదురవుతాయి గాని, ఆ పని ఎలా జరుగుతుందో విప్పి చూపే పత్రాలుగా ఎర్వే అట్టలపై అతికించి పెట్టిన చిన్న చిన్న ప్రింట్లకు సాటివచ్చేవి అరుదు.

1949లో మరీ-అలేన్ కుతురియే అనే డొమినికన్ మతాచార్యుడి సలహాపై ఎర్వే దక్షిణ ఫ్రాన్సులోని మార్సేయ్‌కు వెళ్లి, అక్కడ లె కార్బూజియే కట్టిస్తున్న యూనితే దాబితాసియోఁ అనే నివాస భవనాన్ని చూశాడు. 337 ఇళ్లను ఒకే కాంక్రీటు చట్రంలో అమర్చి, మొత్తాన్ని లావుపాటి స్తంభాలపై నేలకు ఎత్తుగా నిలిపిన ఆ కట్టడం 1952లో గాని పూర్తికాలేదు కనుక, ఆయన ముందున్నది ఇంకా పని నడుస్తున్న నిర్మాణమే. అక్కడ ఒక్క రోజులో ఆయన 650 ఫొటోలు తీశాడు. ఆయన వాడిన రోలీఫ్లెక్స్ కెమెరాలో పట్టే 120 రకం రీలుపై 12 చదరపు ఫ్రేములే వస్తాయి. ఆ లెక్కన 650 ఫొటోలకు 55 రీళ్లు కావాలి, పగటి వెలుగు 10 గంటలు దొరికిందనుకున్నా నిమిషానికి ఒకటికి మించి తీయాలి, పైగా ప్రతి 12 ఫ్రేములకు ఒకసారి ఆగి, కెమెరా వెనుక తలుపు తెరిచి, అయిన రీలు తీసి, చుట్టు వదలకుండా అంటించి, కొత్త రీలు ఎక్కించాలి. ఆ వేగంలో ప్రతి ఫొటోకూ ముందస్తు కూర్పు సాధ్యం కాదు. భవనం చుట్టూ, లోపల, పైన నడుస్తూ, నడకనే ఫిల్ము మీదికి ఎక్కించినట్టు పని సాగి ఉండాలి. ఆ ఫొటోలు చూసిన లె కార్బూజియే, ఎర్వేలో వాస్తుశిల్పి ఆత్మ ఉందని మెచ్చుకుంటూ జాబు రాసి, ఆయనను తన ఫొటోగ్రాఫరుగా చేసుకున్నాడు. 1965లో లె కార్బూజియే మరణించే వరకు ఆ బంధం కొనసాగింది.

దీనికి పూర్తిగా ఎదుటి కొసన నిలిచే పద్ధతి అమెరికాలో జూలియస్ షుల్మన్‌ది. 1960లో ఆయన లాస్ ఏంజెలెస్ కొండ అంచున పియెర్ కోనిగ్ కట్టిన గాజు ఇంటిని తీసినప్పుడు, కింద నగరపు దీపాలు ఫిల్ముపై పడేందుకు 7 నిమిషాలు లెన్సు తెరిచి ఉంచి, ఆ తర్వాత అదే ఫిల్ముపై ఇంటి లోపలి వ్యక్తుల కోసం ఫ్లాష్ వెలిగించాడు. షుల్మన్‌కు నిర్ణయమంతా మీట నొక్కకముందే పూర్తవుతుంది. ఎర్వేకు ఆ నిర్ణయంలో సగానికి పైగా, రీలు కడిగిన తర్వాతే మొదలవుతుంది, కాంటాక్టు షీటుకు అంత విలువ రావడానికి కారణం అదే.

కాంటాక్టు షీటు అంటే, కడిగి ఆరబెట్టిన నెగెటివ్ పట్టీలను పెద్దవి చేయకుండా నేరుగా కాంతికి స్పందించే కాగితంపై పరిచి, పైన గాజుపలకతో అదిమి, కొన్ని క్షణాలు వెలుగు చూపి, ఆ కాగితాన్ని కడిగితే వచ్చే పుట. నెగెటివ్ ఎంతో బొమ్మ అంతే, అంటే రోలీఫ్లెక్స్ విషయంలో ఒక్కో వైపు 6 సెంటీమీటర్ల లోపు ఉండే చదరం. మామూలుగా స్టూడియోల్లో ఏ ఫ్రేమును పెద్దది చేయాలో గుర్తుపెట్టుకున్నాక దాని పని అయిపోతుంది. ఎర్వే మాత్రం ఆ చిన్న ప్రింట్లను వేరుచేసి, అట్టలపై వరుసలుగా అతికించి, భవనం వారీగా అమర్చేవాడు. లె కార్బూజియే తన ప్రచురణలకు కావలసినవాటిని అలాంటి అమరికల నుంచే ఎంచుకునేవాడు. ఆ తర్వాతి ఘట్టం కత్తెరది. చదరపు ఫ్రేముకు నిలువు, అడ్డం అన్న భేదం లేదు కనుక తీసేటప్పుడు వాయిదా వేసిన ఆ నిర్ణయాన్ని ఎర్వే ప్రింటు మీద తీసుకునేవాడు: ఆకాశాన్ని, నేలను, పక్క కట్టడాలను నిర్దాక్షిణ్యంగా కోసేసి, కొన్నిసార్లు సన్నని పట్టీ మాత్రమే మిగిల్చేవాడు.

కెమెరా నిర్మాణం కూడా ఈ చూపుకు తోడ్పడింది. రోలీఫ్లెక్స్‌కు రెండు లెన్సులుంటాయి: కింది లెన్సు ఫిల్ముకు, పై లెన్సు చూడడానికి. ఫొటోగ్రాఫరు దాన్ని ఛాతీ దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గరుకు గాజు తెరలో బొమ్మను చూస్తాడు. ఆ బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. తలుపు, కిటికీ, మెట్టు అని అలవాటుగా గుర్తించే మనసు అక్కడ తడబడి, వెలుగు, చీకటి, కోణం అనే మూలరూపాలను పట్టుకోవడం మొదలుపెడుతుంది. ఎర్వే చిత్రాల్లో భవనం ఒక రేఖాకృతిలా తోచడానికి ఆయన ఇష్టంగా చూసిన ఆధునిక చిత్రకళ ఎంత కారణమో, ఈ గాజు తెర కూడా అంతే కారణమని భావించడం తప్పు కాదు.

భవనాల ఫొటోగ్రఫీ రోలీఫ్లెక్స్ దాకా నడిచిన చరిత్ర క్లుప్తంగా: 1820ల చివరి సంవత్సరాల్లో నియెప్స్ తీసిన, నేటికి మిగిలిన అత్యంత పాత కెమెరా చిత్రంలో ఉన్నవి ఇంటి కప్పులే, 1851లో ఫ్రెంచి ప్రభుత్వం పాత కట్టడాలను నమోదు చేయడానికి అయిదుగురు ఫొటోగ్రాఫర్లను పంపింది, 1927లో మరణించే వరకు ఎజెన్ ఆజే పారిస్ వీధులను గాజు ఫలకాలపై నిక్షిప్తం చేశాడు, ఆయన ఫొటోలను కాపాడిన బెరెనీస్ ఆబట్ 1930ల న్యూయార్క్ మార్పును అదే శ్రద్ధతో తీసింది, 1929లో వచ్చిన రోలీఫ్లెక్స్ ముక్కాలి స్టాండు అవసరం లేకుండా నిర్మాణ స్థలంలోకి నడిచి వెళ్లే వీలు కల్పించింది.

ఎర్వే 1955లోనూ 1961లోనూ భారతదేశానికి వచ్చి చండీగఢ్‌ను తీశాడు. అక్కడి హైకోర్టు, సచివాలయాల ముఖభాగాల్లో లె కార్బూజియే వాడిన ప్రధాన సాధనం బ్రీజ్-సొలేయ్, అంటే గదిలోకి ఎండ నేరుగా దూరకుండా కిటికీల ముందు కట్టిన లోతైన కాంక్రీటు గళ్లు. ఉత్తర భారతపు ఎండలో ఆ గళ్ల అంచు మండిపోతుంటే లోపలి భాగం చీకటిగా ఉంటుంది. ఈ రెండింటి వివరాలనూ ఒకే ఫ్రేములో పట్టడం నలుపు-తెలుపు ఫిల్ముకు కష్టసాధ్యం. నీడలో వివరం కావాలంటే ఫిల్ముకు ఎక్కువ వెలుగు చూపి, కడిగే సమయం తగ్గించి ఎండ భాగాన్ని అదుపు చేయాలి. ఎర్వే తన పేరుపొందిన చిత్రాల్లో ఆ రాజీకి పోలేదు. నీడను నల్లగా మూసుకుపోనిచ్చి, దాన్ని కాంక్రీటంత బరువున్న పదార్థంగా నిలిపాడు, భవనం ఎండతో చేసే పనిని ఒక్క చూపులో చెప్పగలిగాడు. చండీగఢ్ గురించి రాసిన ఎన్నో పేజీలు చెప్పలేని విషయాన్ని ఆ నల్లని గళ్లు చెబుతాయి.

అయినా ఈ సౌందర్యాన్ని సందేహం లేకుండా స్వీకరించడం కుదరదు. మార్సేయ్ భవనంలో ప్రతి ఇంటి వరండా పక్కగోడలకు ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ రంగులున్నాయి. చండీగఢ్ హైకోర్టు ప్రవేశద్వారం దగ్గరి మూడు మహాస్తంభాలు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో నిలబడి ఉన్నాయి. లె కార్బూజియే స్వయంగా చిత్రకారుడు. రంగు ఆయనకు అలంకారం కాదు, నిర్మాణంలో భాగం. నలుపు-తెలుపు ఫిల్ము ఆ రంగులన్నిటినీ బూడిద ఛాయలుగా మార్చింది, కత్తెర పరిసరాలను తీసేసింది. ఆ పుస్తకాలు చూసి పెరిగిన తరాల విద్యార్థులు ఆ భవనాలను రంగులేని, చుట్టుపక్కల ఏమీ లేని, కఠినమైన శిల్పాలుగా ఊహించుకున్నారంటే అందులో వింత లేదు, ఆ ఊహలో ఫొటోగ్రాఫరుకు పెద్ద వాటాయే ఉంది. 2016లో ఈ రెండు స్థలాలూ లె కార్బూజియే ఇతర కట్టడాలతో కలిసి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. సందర్శకులకు ఇప్పుడు రంగులు కనిపిస్తున్నా, పుస్తకాల్లో పాత పట్టీలే మళ్లీ మళ్లీ అచ్చవుతున్నాయి.

అందుకే కాంటాక్టు షీట్లను అనుబంధ సామగ్రిగా కాక అసలు రచనగా చూడవలసి ఉంది. కోసిన ప్రింటు భవనం గురించి ఒక వాదన చేస్తుంది. కోయని చదరం ఆ వాదనకు ఏమేమి పక్కకు తప్పించవలసి వచ్చిందో చూపిస్తుంది. ఈ కాంటాక్టు షీట్లు నేడు లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ పరిశోధన సంస్థలో వేలాది నెగెటివ్‌లతో పాటు భద్రంగా ఉన్నాయి. ఎర్వే ఫొటోలను ప్రచురించేవారు, ప్రదర్శించేవారు ప్రతి ప్రసిద్ధ పట్టీ పక్కన దాని పూర్తి చదరాన్ని, దానికి ముందు వెనుకల ఫ్రేములను కూడా ఉంచాలి. భవనాల ఫొటోగ్రఫీని బోధించే కళాశాలలకు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం దొరకదు.

పెట్టె 1: గోడలు ఎందుకు వెనక్కి వాలుతాయి?

ఎత్తయిన భవనం మొత్తం పట్టాలని కెమెరాను పైకి ఎత్తితే, లోపలి ఫిల్ము గోడకు సమాంతరంగా ఉండదు. గోడ పైభాగం దూరమై చిన్నదిగా పడుతుంది, నిలువు గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. పెద్ద షీటు ఫిల్ముతో పనిచేసే వ్యూ కెమెరాలో ఫిల్మును నిటారుగానే ఉంచి, లెన్సు బిగించిన పలకను మాత్రం పైకి జరపవచ్చు. గీతలు నిలువుగానే ఉంటాయి, భవనం పైకొస కూడా ఫ్రేములోకి వస్తుంది. ఇందుకు నల్లగుడ్డ కప్పుకుని, గాజుపై తలకిందులుగా పడే బొమ్మను సరిచూసుకోవాలి. ఆ వీలు లేని రోలీఫ్లెక్స్‌తో ఎర్వే వాలును దాచకుండా, దాన్నే కూర్పుగా మలిచాడు.

పెట్టె 2: సికింద్రాబాదు గాజు ఫలకాలు

ఫిల్ము కంటే ముందు తరానికి చెందిన రాజా దీన్ దయాళ్ (1844–1905) రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందోరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. 1886లో లెపెల్ గ్రిఫిన్ వెలువరించిన మధ్య భారత కట్టడాల గ్రంథానికి ఫొటోలు ఆయనవే. తర్వాత సికింద్రాబాదులో స్టూడియో తెరిచి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. కొలతలు తెలిసిన ఇంజనీరు కన్ను ఆయన భవన చిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తుంది: నిటారు గీతలు, నిండు ముఖభాగం, చుట్టూ తగినంత ఖాళీ. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించింది.