కోడింగ్ టూల్స్‌కి అంత రేటు ఎందుకు? కొనే ముందు ఈ లెక్క చూడండి

నరసరావుపేటలో బీటెక్ చదివే రోజుల్లో మా రూమ్‌లో అందరి లాప్‌టాప్‌ల్లోనూ క్రాక్ చేసిన ఐడీఈనే ఉండేది. "ఎడిటర్‌కి వేలు ఎవడు పెడతాడ్రా?" అనుకునేవాళ్లం. ఫైనలియర్ ప్రాజెక్ట్ రివ్యూకి ముందు రోజు ఆ క్రాక్‌తో దిగిన వైరస్ నా ఫైళ్లన్నీ తినేసింది. ఫ్రీ అనుకున్నదానికి కట్టిన రేటు అది.

కొనేవాళ్లు తక్కువ, పని మాత్రం అంతే

ఫోన్ లక్షల్లో అమ్ముడవుతుంది కాబట్టి తయారీ ఖర్చు అందరి మీదా సర్దుకుంటుంది. డేటాబేస్ టూల్ లాంటివి కొనేది కొద్దిమందే. రేటు సగం చేసినంత మాత్రాన కోడింగ్ రానివాళ్లు వచ్చి కొనరు కదా!

పైగా పోటీ ఫ్రీ టూల్స్‌తో. 1998లో హైదరాబాద్‌లో మొదలైన ప్రమతి టెక్నాలజీస్ జావా అప్లికేషన్ సర్వర్ తయారుచేసి అమ్మింది. అదే మార్కెట్లో ఒకవైపు ఐబీఎం, బీఈఏ లాంటి దిగ్గజాలు, ఇంకోవైపు ఫ్రీగా దొరికే జేబాస్.

మూడు కంపెనీలు, మూడు దారులు

సబ్‌లైమ్ టెక్స్ట్: 99 డాలర్లు ఒక్కసారి కడితే మూడేళ్ల అప్‌డేట్స్. ట్రయల్‌కి గడువే లేదు, మధ్యమధ్యలో కొనమని గుర్తుచేస్తుంది అంతే.

జెట్‌బ్రెయిన్స్: 2015లో సబ్‌స్క్రిప్షన్ ప్రకటించగానే డెవలపర్లు మండిపడ్డారు. దాంతో మెట్టు దిగింది. వరుసగా 12 నెలలు కడితే, ఆ ఏడాది మొదట్లో ఉన్న వెర్షన్ ఎప్పటికీ మీదే.

డాకర్ డెస్క్‌టాప్: 2021లో పెద్ద కంపెనీలకు డబ్బులు పెట్టింది. 250 మంది కంటే తక్కువ ఉద్యోగులు, కోటి డాలర్ల కంటే తక్కువ ఆదాయం ఉన్న సంస్థలకు ఫ్రీ.

స్టూడెంట్స్‌కి ఫ్రీగా ఇవ్వడం దానధర్మమేమీ కాదు. కాలేజీలో చెయ్యి అలవాటైన టూల్‌నే రేపు ఆఫీసులో అడుగుతాం. అప్పుడు బిల్లు కంపెనీ కడుతుంది.

మరి మనం ఏం చేయాలి?

గురజాల వైపు రెండెకరాల రైతు ట్రాక్టర్ కొనడు, గంటల లెక్కన అద్దెకు పిలుస్తాడు. ఒక ప్రాజెక్ట్ కోసమే అయితే మీరూ నెల ప్లాన్ చాలు. రోజూ వాడేదైతే ఏడాది ప్లాన్ చూడండి. డాలర్ రేటు చూసి ఆగిపోకండి, దాని మీద 18 శాతం జీఎస్టీ, బ్యాంక్ ఫారెక్స్ ఛార్జీ కూడా కలపండి.

స్టూడెంట్ అయితే ముందు కాలేజీ మెయిల్‌తో జెట్‌బ్రెయిన్స్, గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్‌లకు అప్లై చేయండి. ఒక్క షరతు: జెట్‌బ్రెయిన్స్ స్టూడెంట్ లైసెన్స్‌తో డబ్బు తీసుకునే పని చేయకూడదు. క్రాక్ జోలికి మాత్రం వెళ్లొద్దు. నా ప్రాజెక్ట్ గుర్తుంది కదా!